గ్రాడ్యుయేషన్‌కి ఇండియా నుంచి పెద్దవాళ్లని పిలవాలా?

ప్రశ్న: మేము డాలస్‌కి ఉత్తరాన ఒక ఊళ్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాం. మా అమ్మాయి సాహితి (పేరు మార్చాను) వచ్చే మే నెలాఖరున హైస్కూల్ పూర్తి చేస్తోంది. క్లాసులో ఆరు వందల మంది పైనే. వేడుక పెద్ద అరీనాలో పెడుతున్నారు. ఒక్కో స్టూడెంటుకి ఆరు టికెట్లు ఇస్తారట. గుంటూరు నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు, ఖమ్మం నుంచి మా అమ్మానాన్న వస్తామంటున్నారు. మేమిద్దరం, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి కలిస్తే ఏడుగురం. అట్లాంటాలో ఉండే మా ఆడపడుచు సాహితి చిన్నప్పుడు మా దగ్గరే ఉండి దాన్ని పెంచింది. ఆవిడా వస్తానంటోంది. మావారేమో "స్టేజి మీద మూడు సెకన్లు నడిచేదానికి ఇంతమందిని రప్పించడం ఎందుకు, తర్వాత పార్టీ చేసుకుందాం" అంటారు. కిందటేడు పక్కింటివాళ్లు వెళ్లొచ్చి, రెండు గంటలు ఎండలో కూర్చున్నా వాళ్లబ్బాయి పేరు ఎప్పుడు పిలిచారో తెలియనే లేదన్నారు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. అత్తయ్యగారు మనవరాలికి స్టేజి మీద బహుమతి ఇస్తారని ఊళ్లో అందరికీ చెప్పేశారు. సాహితి బాగానే చదువుతుంది గానీ ఆ స్కూల్లో ర్యాంకు మధ్యలో ఉంది. మొన్నొకరోజు "నా ఫ్రెండ్స్‌కి మెడ నిండా కార్డ్స్ (రంగు తాళ్లు), స్టోల్స్ (కండువాలు) ఉంటాయమ్మా, నాకు ఉత్త గౌనే. తాతయ్య అడిగితే ఏం చెప్పాలి?" అంది. పిలవాలా, వద్దా?
ఒక తల్లి, టెక్సస్

జవాబు:

పిలవండమ్మా. నలుగురినీ పిలవండి. కానీ విమానం టికెట్లు కొనేముందు సాహితితో ఒకసారి కూర్చుని మాట్లాడండి. టికెట్ల సంగతి, మోకాళ్ల సంగతి, ఖర్చు సంగతి వివరంగా రాసి, ఆ పిల్ల అడిగినదాన్ని చివర్లో పెట్టారు. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న నాకు అదే అనిపించింది. మిగతావి ఫోన్లతో, ఫారాలతో తేలిపోతాయి.

ఆ అరీనాలో ఏం జరగబోతోందో పెద్దవాళ్లకి బయల్దేరకముందే తెలియాలి. మన దగ్గర పదో తరగతికి గానీ ఇంటర్‌కి గానీ ఇలాంటి వేడుక లేదు. రిజల్ట్స్ వస్తాయి, మెమో తెచ్చుకుంటాం, కాలేజీవాళ్లు ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు కడతారు, అంతే. స్టేజి ఎక్కేది ఫస్టొచ్చినవాళ్లే. యూనివర్సిటీ స్నాతకోత్సవంలో కూడా అందరి కళ్లూ గోల్డ్ మెడల్స్ మీదే ఉంటాయి. అలాంటి చోట పెరిగిన మనిషికి "స్టేజి మీదికి పిలుస్తారు" అని చెబితే బహుమతికే అనుకుంటారు. అందులో మీ అత్తయ్యగారి తప్పేమీ లేదు.

ఇక్కడి పబ్లిక్ హైస్కూల్ గ్రాడ్యుయేషన్ పద్ధతి పూర్తిగా వేరు. మొదటి ర్యాంకు పిల్ల, రెండో ర్యాంకు పిల్లవాడు చెరో చిన్న ప్రసంగం చేస్తారు. ఆ తర్వాత ఆరు వందల మందినీ పేరు పేరునా పిలుస్తారు. అందరికీ ఒకే అట్ట, ఒకే కరచాలనం. స్పెషల్ ఎడ్యుకేషన్ క్లాసులో చదివినవాళ్లు, సాయంత్రాలు రెస్టారెంట్లో పనిచేసి పొద్దున్నే బడికొచ్చినవాళ్లు, దేశానికొచ్చి రెండేళ్లయినా కాక ముందే ఇంగ్లిష్‌లో పరీక్షలు రాసినవాళ్లు, అందరూ అదే మెట్లెక్కి అదే స్టేజి దాటతారు. ఆ వేడుకలో నాకు నచ్చేది ఇదే. మార్కులతో పనిలేకుండా, చదువు ముగించినందుకే ప్రతి పిల్లనీ వేలమంది ముందు నిలబెట్టి పేరు పెట్టి పిలిచే సందర్భం మనకి ఇంకెక్కడా లేదు.

సాహితి "ఉత్త గౌను" అంటోంది కదా, ఆ గౌను వేసుకోవడానికి టెక్సస్‌లో ఏం చేయాలో పెద్దవాళ్లకి తెలియాలి. ఎండార్స్‌మెంట్‌తో, అంటే పిల్లలు ఎంచుకునే ప్రత్యేక విభాగంతో కలిపి 26 క్రెడిట్లు పూర్తి చేయాలి. ఆల్జీబ్రా 1, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, బయాలజీ, అమెరికా చరిత్ర, ఈ ఐదు సబ్జెక్టుల్లో రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలు దాటాలి. నాలుగేళ్ల పని అది. మెడలో వేసుకునే రంగు తాళ్లలో కొన్ని మార్కులకి, కొన్ని క్లబ్బులకి, కొన్ని సేవాగంటలకి ఇస్తారు. వాటిని కష్టపడి సంపాదించుకున్న పిల్లల్ని తక్కువ చేయక్కర్లేదు. కానీ మీ ఊళ్లాంటి చోట ర్యాంకు మధ్యలో ఉండడమంటే ఏమిటో పెద్దవాళ్లకి తెలియదు. టెక్సస్‌లో 1997 చట్టం ప్రకారం క్లాసులో పై 10 శాతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటొస్తుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ మాత్రం ఆ గీతని 6 శాతానికి, 2026 ఫాల్ నుంచి 5 శాతానికి బిగించింది. దానికోసం మన పిల్లలే ఒకరితో ఒకరు పాయింట్లలో పోటీపడే స్కూళ్లు అవి. అక్కడ మధ్యలో ఉన్న పిల్ల ఇంకో జిల్లాలో చదివుంటే ముందు వరసలో ఉండేదేమో. ఈ లెక్కంతా పెద్దవాళ్లకి అప్పజెప్పనక్కర్లేదు గానీ, మీ మనసులో ఉంటే మీ మాట తడబడదు.

ఈ మాటలు మీ అత్తయ్యగారికి చెప్పాల్సింది మీవారు. కోడలు చెబితే కూతుర్ని వెనకేసుకొస్తున్నట్టు ఉంటుంది, కొడుకు చెబితే కబురులా ఉంటుంది. "అమ్మా, బహుమతి కాదు, చదువు పూర్తయినందుకు అందరినీ పిలుస్తారు. మన పిల్ల పూర్తి చేసింది. నువ్వొచ్చి చూడాలని ఉంది" అంటే చాలు. ఇంకోటి కూడా ఆయనే అడగాలి: ఇక్కడ ఉన్నన్నాళ్లూ ర్యాంకు మాట, పక్కింటి పిల్లతో పోలిక, ఈ రెండూ నోట రానివ్వొద్దని. నాన్నే నాయనమ్మతో ఆ మాట అన్నాడని తెలిస్తే సాహితికి ఎంత ధైర్యమో ఆలోచించండి.

మా అబ్బాయి గ్రాడ్యుయేషన్‌కి మా నాన్న వచ్చారు. వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని పెద్ద స్కూళ్లు చాలావాటికి జార్జ్ మేసన్ యూనివర్సిటీలో ఉన్న ఈగిల్‌బ్యాంక్ అరీనాలోనే ఈ వేడుక. పదివేల మంది దాకా పడతారు. మా ముందు వరసలో ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన కుటుంబం కూర్చుంది. అమ్మమ్మ, మేనమామలు, చంకలో పసిపిల్లలు. తమ కుర్రాడి ముఖాన్ని రెండింతల సైజులో ప్రింటు చేయించి, అట్టలకి అంటించి, కర్రలకి గుచ్చి తెచ్చారు. మా నాన్న వాటిని చూసి "ఆ అబ్బాయి స్కూల్ ఫస్టా?" అని నన్నడిగారు. ఆ కుర్రాడి అక్కని కదిపితే, వాళ్లింట్లో హైస్కూల్ పూర్తి చేస్తున్న మొదటివాడు వాడేనంది. ఆ మాట నాన్నకి చెప్పాను. ఆయన కాసేపాగి తన ఎస్సెల్సీ సంగతి ఎత్తారు. తెనాలి దగ్గర పల్లె, సాయంత్రం బస్సుకి గానీ పేపరు వచ్చేది కాదట. అందులో నంబరు కనపడగానే మా తాత, అక్షరం ముక్క రాని మనిషి, ఆ పేపరు మడిచి మొలలో దోపుకుని వీధి చివరిదాకా ఇంటింటికీ ఆగి చూపించాడట. "నాది థర్డ్ క్లాసే. ఏ క్లాసని మా నాన్న అడగనే లేదు" అన్నారు. ఇంతలో ముందు వరసవాళ్ల కుర్రాడి పేరు పిలిచారు. వాళ్లతోపాటు మా నాన్నా లేచి చప్పట్లు కొట్టారు.

మీ మామయ్యగారిదీ, మీ నాన్నగారిదీ ఇంచుమించు ఆ తరమే. వాళ్లు వచ్చాక ఒక సాయంత్రం భోజనాల దగ్గర, సాహితి ఉన్నప్పుడు, వాళ్ల రిజల్ట్ ఎలా చూసుకున్నారో అడగండి. ఇంటర్లో ఒకసారి పోయిందనో, హాస్టల్ ఫీజు కట్టలేక ఏడాది ఆగారనో ఎవరో ఒకరు చెబుతారు. "తాతయ్య అడిగితే ఏం చెప్పాలి" అన్న పిల్లకి తాతయ్య నోటి నుంచే వచ్చే ఆ కథ కావాలి.

మీ మామయ్యగారు గుంటూరు నుంచి వస్తున్నారు కాబట్టి ఒక మంగళగిరి నేత కండువా తెమ్మనండి. గౌను మీద బయటి కండువాలు వేసుకోనిస్తారో లేదో స్కూలును అడగాలి. కొన్ని స్కూళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని తాము ఇచ్చినవి తప్ప ఇంకేవీ వద్దంటాయి. ఒప్పుకోకపోతే ఫొటోలప్పుడు వేసుకోవచ్చు. కాకపోతే అది కార్డ్స్ లేని లోటు పూడ్చడానికి తెచ్చినట్టు మాత్రం ఉండకూడదు. సాహితికి ఇష్టమైతేనే.

ఇక మీవారి మూడు సెకన్ల మాట. లెక్కకి అది నిజమే. ఒక్కొక్కరికి ఐదు సెకన్లు వేసుకున్నా ఆరు వందల మందికి యాభై నిమిషాలు. ప్రసంగాలు, బ్యాండు, పాట కలిపితే రెండు గంటలు. ఆ రెండు గంటల కోసమే ఇంతమందిని పిలిస్తే నాకూ ఎక్కువే అనిపిస్తుంది. అందుకే ఆ ఒక్క సాయంత్రం కోసం పిలవకండి. మే నెల మధ్యలో రప్పించండి, ఆగస్టులో సాహితి కాలేజీకి వెళ్లేదాకా ఉంచుకోండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. పిల్ల ఇల్లు వదిలే ముందు వచ్చే ఆ వేసవి మళ్లీ రాదు. పొద్దున పదింటికి లేచి వంటింట్లోకొచ్చే పిల్లకి అమ్మమ్మ పెసరట్టు వేసి పెట్టడం, హాస్టల్ గదికి పచ్చళ్లు ప్యాక్ చేయడం, సాయంత్రం తాతయ్యతో వీధి చివరిదాకా నడవడం, మీవారు పెట్టే ఖర్చు వీటన్నిటికీ కలిపి. వీసాలు లేకపోతే మాత్రం హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీల కోసం ఇవాళే వెతకడం మొదలుపెట్టండి, ఎదురుచూపు చాలా ఉంటుంది. వేసవి సెలవుల్లో చార్జీలు కూడా బాగా పెరుగుతాయి.

టికెట్లు. స్కూలు ఇచ్చే ఆరు చాలా చోట్ల చివరి మాట కాదు. ఫ్రిస్కో స్కూళ్ల గ్రాడ్యుయేషన్లు జరిగే ఫోర్డ్ సెంటర్‌నే చూడండి, అందులో 12,000 సీట్లు. స్టేజి వెనకవైపు సీట్లు పోయినా ఆరు వందల మందికి ఆరేసి టికెట్లంటే 3,600. మీ అరీనా ఎంత పెద్దదో కనుక్కోండి, అదనపు టికెట్ల పద్ధతి ఏమిటో సాహితి స్కూలు ఆఫీసులో అడగమనండి. పెద్దగా బంధువులు లేని పిల్లల దగ్గర టికెట్లు మిగులుతాయి. సీనియర్ల (ఆఖరి ఏడాది పిల్లల) గ్రూపుల్లో ఏప్రిల్‌లోనే అడిగిపెట్టుకుంటే రెండు దొరకడం కష్టం కాదు. డబ్బులకి అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనకండి. ఫోన్‌లో వచ్చే టికెట్ మీద ఉన్న కోడ్ గేటు దగ్గర ఒక్కసారే పనిచేస్తుంది, అదే టికెట్ ఇద్దరికి అమ్మితే రెండోవాళ్లు బయటే. మీ పక్కింటివాళ్లలా ఫుట్‌బాల్ స్టేడియంలో జరిగే చోట ఇంకో మెలిక ఉంటుంది. వానొస్తే కొన్ని చోట్ల వేడుకని జిమ్‌లోకి మారుస్తారు, అప్పుడు టికెట్లు తగ్గిపోతాయి. మీది అరీనా కాబట్టి ఆ బాధ లేదు.

ఎంత ప్రయత్నించినా ఆరే ఉంటే? మీరిద్దరు, పెద్దవాళ్లు నలుగురు. మీ అబ్బాయిది ఇంకో మూడేళ్లలో వస్తుంది, అప్పటికి ఈ నలుగురూ ప్రయాణం చేయగలరో లేదో. అలాగని మీరే తీర్మానించేయకండి. అన్నిటికంటే ముందు సాహితిని అడగండి, తమ్ముడు ఉండి తీరాలంటే ఆ కోరిక కూడా న్యాయమైనదే. అప్పుడు మీవారో మీరో ఇంట్లో ఆగాలి, పెద్దవాళ్లలో ఒకరిని కాదు. ఏం చేసినా అటువైపు ఇద్దరు, ఇటువైపు ఒకరు అనే లెక్క రాకూడదు. వియ్యంకుల మధ్య అలాంటి లెక్క ఒకసారి పడితే ఏళ్లు ఉంటుంది. మీ ఆడపడుచుకి మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోవద్దు. మీవారు ఫోన్ చేసి విషయం చెప్పాలి, ఆ తర్వాత సాహితి మాట్లాడాలి. పసిపిల్లగా ఎత్తుకు తిప్పిన మేనత్త ఆవిడ. టికెట్ దొరికితే సరేసరి, దొరక్కపోతే మీ అబ్బాయితో కలిసి ఇంట్లో లైవ్‌లో చూసి, మీరొచ్చేసరికి హారతి పళ్లెంతో గుమ్మంలో ఉండమనండి. ఆ ఇంట్లో ఆవిడ చోటు ఆవిడకి తెలుస్తుంది.

ఇండియాలో మిగిలినవాళ్ల కోసం ఒక మాట. చాలా స్కూల్ డిస్ట్రిక్ట్‌లు వేడుకని యూట్యూబ్‌లో లైవ్ ఇస్తాయి. మే నెలలో టెక్సస్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా. ఇక్కడ సాయంత్రం 7 అయితే అక్కడ మర్నాడు తెల్లవారుజామున 5:30. పొద్దున 9కి పెడితే అక్కడ రాత్రి 7:30, అందరూ చూడొచ్చు.

మీ అమ్మగారి మోకాళ్ల సంగతికి ఈ దేశంలో దారి ఉంది. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం వల్ల ఇలాంటి ప్రతి చోటా మెట్లెక్కనక్కర్లేని సీట్లు ఉండాలి. దానికి స్కూలు ముందుగానే ఒక ఫారం ఇస్తుంది లేదా ఈమెయిల్ చేయమంటుంది. అది వదిలేసి ఆ రోజు గేటు దగ్గర అడిగితే మీ అదృష్టం. అరీనా మెట్లు ఇంటి మెట్లలా ఉండవు, నిటారుగా ఉంటాయి, చాలా చోట్ల పట్టుకోవడానికి ఏమీ దొరకదు. చీరతో, చీకట్లో, జనం తోసుకుంటుంటే దిగడం మోకాళ్లు బాగున్నవాళ్లకే కష్టం. ఆ సీట్లలో పక్కన తోడుగా మామూలుగా ఒకరినే కూర్చోనిస్తారు, కాబట్టి మీ కుటుంబం రెండు చోట్ల కూర్చోవాల్సి రావచ్చు. మీ అమ్మగారి పక్కన మీరు కూర్చోండి. మీవారు మిగతా ముగ్గురితో ఉంటారు. తలుపు దాకా కారులో దింపే చోటు ఎక్కడో ముందే చూసి పెట్టుకోండి.

ఆ రోజు లోపలికి మామూలుగా పారదర్శకమైన సంచీలనే రానిస్తారు. చాలా చోట్ల కొలత 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల మందం. అత్తయ్యగారి హ్యాండ్‌బ్యాగు, పులిహోర డబ్బా రెండూ గేటు దగ్గరే ఆగిపోతాయి. షుగర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే మందులు, గ్లూకోజ్ బిళ్లలు తీసుకెళ్లొచ్చా అని ముందే స్కూలుకి రాసి జవాబు దగ్గర ఉంచుకోండి. ఇంటి దగ్గరే కడుపు నిండా తినిపించి బయల్దేరండి. లోపల ఏసీ చలి గట్టిగా ఉంటుంది, శాలువాలు కావాలి. ఒకే అరీనాలో ఒకే రోజు మూడు నాలుగు స్కూళ్ల వేడుకలుంటే ఒకరు బయటికొచ్చే వేళకి ఇంకొకరు లోపలికొస్తుంటారు. వేలమంది ఒకేసారి ఫోన్లు తీయడంతో సిగ్నల్ దొరకదు. పెద్దవాళ్లు నలుగురికీ జేబులో మీ నంబరు రాసిన చీటీ ఉండాలి. వేడుక అయ్యాక సాహితిని ఎక్కడ కలుసుకోవాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. "బయట" అంటే కుదరదు, ఫలానా నంబరు గేటు, ఫలానా స్తంభం అనుకోవాలి.

ఫొటోల కోసం ఆ రాత్రిని నమ్ముకోవద్దు. గౌను, టోపీ వేడుకకి ముందే చేతికొస్తాయి. ఒక రోజు ముందు, పొద్దున ఎండ మెత్తగా ఉన్నప్పుడు, స్కూలు బోర్డు ముందో మీ ఇంటి ముందో నలుగురు పెద్దవాళ్లతో తీసుకోండి. స్టేజి మీద ఇచ్చే అట్టలో డిప్లొమా ఉండకపోవచ్చని కూడా పెద్దవాళ్లకి చెప్పి ఉంచండి. తెరిచి చూసి ఖాళీగా ఉందని కంగారుపడతారు. అసలు కాగితం చాలా స్కూళ్లు తర్వాత ఇస్తాయి. వేడుక చివర్లో పిల్లలందరూ టోపీ కుచ్చుని కుడివైపు నుంచి ఎడమవైపుకి ఒకేసారి మారుస్తారు. చదువు పూర్తయిందనడానికి గుర్తు అది. ఆ క్షణం ఎప్పుడొస్తుందో తెలిస్తే మీ నాన్నగారు దానికోసం చూస్తారు.

దానికోసమైనా చివరిదాకా ఉండండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. తమ పిల్ల పేరు అయిపోగానే లేచి వెళ్లిపోయే కుటుంబాలు ప్రతి వేడుకలోనూ ఉంటాయి, వాళ్లలో మనవాళ్లూ ఉంటారు. పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో పిలుస్తారు. అడుసుమిల్లి, బొడ్డు, చలసాని ఇళ్లవాళ్లు ముందే అయిపోతారు. వేమూరి, యార్లగడ్డ పిల్లలు స్టేజి ఎక్కేసరికి కింద ఖాళీ కుర్చీలు కనిపిస్తాయి. వాళ్లూ అదే నాలుగేళ్లు చదివారు. పార్కింగ్‌లో అరగంట ఆగితే పోయేదేమీ లేదు.

చప్పట్ల గురించి కూడా. చివరిదాకా ఆపుకోమని మైకులో చెబుతారు, చాలామంది వినరు. 2015లో మిసిసిపీ రాష్ట్రం సెనటోబియాలో పేరు పిలిచినప్పుడు కేక వేశారని కుటుంబసభ్యుల మీద పోలీసు ఫిర్యాదు దాకా వెళ్లింది, పెద్ద గొడవై చివరికి ఉపసంహరించుకున్నారు. అంత దూరం పోవడం అన్యాయమే. కానీ ఒక కుటుంబం అరుపుల్లో తర్వాతి పిల్ల పేరు కొట్టుకుపోవడం కూడా అన్యాయమే. ఆ తర్వాతి పిల్ల తల్లి కూడా చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంటుంది. ఒక్కసారి చప్పట్లు కొట్టి ఆపమని మీవాళ్లకి చెప్పండి. పేరు వినపడలేదని మీ పక్కింటివాళ్లు అన్నది బహుశా ఇందుకే.

లేదా వాళ్లబ్బాయి పేరుని గుర్తుపట్టలేనట్టు పలికి ఉంటారు. మన పిల్లల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంటే స్కూలు రికార్డులో అలాగే ఉంటుంది. "వెంకట లక్ష్మీ సాహితి" అని ఉంటే మైకులో "వెంకట" అని పిలిచి ఊరుకోవచ్చు. స్కూల్లో ఫ్రెండ్స్‌కి "సాహి". ఇంట్లో సాహితి. ఆ పేరు పెట్టిన తాతయ్య అంత దూరం నుంచి వచ్చి, "వెంకట" అని వినపడితే మన పిల్ల కాదనుకుని స్టేజి వైపు చూడనే చూడరు. డిప్లొమా మీద చట్టబద్ధమైన పేరు ఉండాలి, అది మార్చకండి. చదివే పేరు మాత్రం వేరుగా ఇవ్వనిస్తారు చాలా స్కూళ్లలో. ఏ పేరు చదవాలో సాహితే తేల్చుకోవాలి. "సాహి" అనే కావాలంటే సరే, కానీ తాతయ్యకి ఆ సంగతి ముందే చెప్పండి.

స్కూలువాళ్లు ఒక కార్డు ఇస్తారు, లేదా నేమ్‌కోచ్ లాంటి సర్వీసులో పిల్లల చేతే పేరు రికార్డు చేయిస్తారు. రికార్డింగ్ అయితే పక్కన మీరు నిలబడి రెండుసార్లు వినండి, మన పిల్లలు సిగ్గుపడి అమెరికన్ యాసలో చెప్పేస్తారు. కార్డు అయితే అక్షరాలు సాగదీసి రాస్తే లాభం లేదు. వాళ్ల నోటికి అలవాటైన మాటల ముక్కలతో రాయాలి: "సాకర్"లోని మొదటి ముక్క, ఆ తర్వాత "హిట్"లోని "హి", చివర "టీ". మన "తి" వాళ్లకి అచ్చంగా పలకదు, "సాహిటీ" అన్నా పర్వాలేదు. "సహైటీ" కాకపోతే చాలు. ఇంటిపేరు కూడా అలాగే ముక్కలు చేసి రాయండి. సాహితికి పేర్లు చదివే టీచర్ ఎవరో తెలిస్తే వెళ్లి ఒకసారి నోటితో చెప్పి రమ్మనండి. అంతమంది పేర్లు చదవాల్సిన ఆ టీచర్లు కూడా తప్పు పలుకుతామేమోనని భయపడుతూనే ఉంటారు, వచ్చి చెప్పిన పిల్లల్ని చూస్తే సంతోషిస్తారు. ఆ కార్డుల గడువు చాలా చోట్ల వసంతంలోనే అయిపోతుంది. మీ స్కూల్లో ఎప్పుడో ఈ వారమే కనుక్కోండి.